పన్ను విరిగిన రీలు

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జలాశయంలో వేట ఆపేశారు. ఆపిన మర్నాటి నుంచే మా దుకాణం బల్ల మీద గాలం కర్రల రీళ్ళు కుప్పపడ్డాయి. వేట సాగినన్నాళ్ళూ వాటిని ఇసుకలో పడేసి, బురదలో ముంచి, పడవలో కాళ్ళకింద తొక్కిన మహానుభావులందరికీ వేట ఆగగానే ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. పాత తువ్వాళ్ళలో పసిపిల్లల్లా చుట్టి తెస్తారు. "పెద్ద రోగమేం లేదక్కా, ఒక్క చుక్క నూనె వేస్తే చాలు" అంటారు. విప్పి చూస్తే లోపల ఇసుక, తుప్పు, నల్లగా గడ్డకట్టిన గ్రీజు. చుక్క నూనెట! మనిషైతే ఈపాటికి ఊపిరి ఎప్పుడో ఆగిపోయేది.

ఊళ్ళో నన్ను రీళ్ళక్క అంటారు. దుకాణం మా ఆయన పెట్టింది. పొద్దస్తమానం నీళ్ళ మీద తిరిగే మనిషి, ఈత కూడా సరిగ్గా రాదు. అయినా నీళ్ళు ఆయన్ని ఏనాడూ ఏమీ చెయ్యలేదు. కామెర్లొచ్చి మంచం మీద పోయాడు. దుకాణం మూసెయ్యమని చెప్పినవాళ్ళే గానీ మూసేశాక ఏం తినాలో చెప్పినవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండి, నెల తిరక్కుండానే తలుపులు తీసి ఆయన కుర్చీలో కూర్చున్నాను.

ఇంట్లో అత్తయ్యా నేనూ మిగిలాం. ముందు గది దుకాణం, వెనక గది మాది, దాని వెనక వంటిల్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే రేవు నుంచి పైకొచ్చే వీధి, దాని మలుపు కనిపిస్తాయి. అత్తయ్యకి చూపు మందగించింది గానీ ఆవిడ వేళ్ళకి కళ్ళున్నాయి. గుమ్మం పక్కన పీట వేసుకుని, కొత్త దారాన్ని తడిగుడ్డతో ఒత్తిపట్టి స్పూళ్ళకి చుడుతుంది. ఆవిడ చుట్టిన దారం ఎన్నడూ వదులవదు. నోరు మాత్రం ఎప్పుడూ వదులే.

అలాంటి ముసురులో ఒకరోజు పొద్దున్నే ఒకాయన గొడుగు మడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో సన్నటి స్క్రూడ్రైవర్లు పెన్నుల్లా వరసగా ఉన్నాయి.

"సన్న స్క్రూల పని ఏదైనా ఉంటుందేమోనని..." అని ఆగిపోయాడు.

"ఇంతకుముందు ఏం చేసేవారు?" అన్నాను.

"గడియారాలు బాగుచేసేవాణ్ణండి. బస్టాండు మెట్లకింద చిన్న గూడు ఉండేది. ఇప్పుడక్కడ ఫోన్లకి కవర్లు అమ్ముతున్నారు."

"పెళ్ళాం పిల్లలూ?" ఇది నేనడిగింది కాదు. పీట మీంచి అత్తయ్య.

"లేరమ్మా."

"పోయారా, అసలు రాలేదా?"

"అత్తయ్యా!" అన్నాను.

"రాలేదమ్మా," అన్నాడాయన ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. "మా అమ్మ మంచాన పడింది. ఆవిణ్ణి చూసుకోవడంలోనే వయసు గడిచిపోయింది. పోయినేడు ఆవిడా పోయింది."

అత్తయ్య అయ్యో అనలేదు. దారం చుట్టడం ఆపి, "లోపలికి రా నాయనా, తడుస్తున్నావు," అంది.

ఆ పూట నుంచి ఆయన పేరు గడియారం. "గడియారం వచ్చిందా?" "గడియారానికి టీ ఇచ్చావుటే?" అదీ ఆయన ఎదుటే! నాకు తలకొట్టేసినంత పనయ్యేది. ఆయన మాత్రం "వచ్చిందమ్మా, ఇచ్చారమ్మా" అని తనే జవాబు చెప్పేవాడు.

మొదటిరోజు కావాలనే అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న రీలు తీసి ఆయన ముందు పెట్టాను. తెల్లగుడ్డ పరుచుకున్నాడు. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే పేర్చాడు. నేనైతే డబ్బా మూతలో కుప్పగా పోసి, తర్వాత ఒక వాషరు కోసం బల్లకింద పాకే రకం. ఏ స్క్రూ తలా చెక్కుకుపోకుండా, ఏ స్ప్రింగూ ఎగిరిపోకుండా మొత్తం విప్పి, కడిగి, తుడిచి, బిగించి ఇచ్చాడు. తిప్పి చూశాను. మెత్తగా ఉంది. మూత తీసి చూస్తే మాత్రం చక్రాల పళ్ళ మీద పల్చటి నూనె, బేరింగుల నిండా గ్రీజు.

"తిరగేశారు," అన్నాను. "బేరింగులకి చుక్క నూనె, పళ్ళకి గ్రీజు. నూనె వేస్తే రెండు పెద్ద చేపలు పడేసరికి ఈ పళ్ళు అరిగిపోతాయి."

"గడియారం పళ్ళకి ఎవరూ గ్రీజు పెట్టరండి."

"గడియారాన్ని అవతలి వైపు నుంచి ఎవరూ లాగరు కదండీ."

ఆయన కాసేపు ఆ రీలు వంకే చూశాడు. "నిజమేనండి. ఎవరూ లాగరు," అన్నాడు. ఎందుకో నాకు ఆ మాట ఆ రోజంతా చెవిలోనే ఉండిపోయింది.

రోజులు గడిచేకొద్దీ మా ఇద్దరి చేతులకీ ఒకరి పని ఒకరికి తెలిసిపోయింది. నేను చెయ్యి చాపకముందే పట్టకారు నా వేళ్ళ మధ్యకి వచ్చేది. నాకు ముక్కు మీద కోపం. మొండిగా బిగుసుకున్న స్క్రూని చూస్తే సుత్తి కోసం వెతుకుతాను. ఆయన నా చేతిలోంచి రీలు తీసుకుని, స్క్రూ మీద చుక్క నూనె వేసి, "టీ తాగి వద్దామండి, ఈలోగా అదే ఆలోచించుకుంటుంది," అనేవాడు. టీ తాగొచ్చేసరికి ఆ స్క్రూ బుద్ధిగా తిరిగేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని డ్రాగ్ సరిచూడటం. చేప లాగినప్పుడు రీలు దారాన్ని ఎంత బిగువుతో వదలాలో చెప్పే బిరడా అది. దారం తెగే బరువులో మూడోవంతుకే జారడం మొదలవ్వాలి, అది కూడా కుదుపు లేకుండా. మరీ బిగిస్తే దారం తెగుతుంది, మరీ వదిలితే చేప నవ్వుకుంటూ పోతుంది. తూకం కట్టి చూడొచ్చు గానీ తూకానికి కుదుపు తెలియదు, మనిషికే తెలుస్తుంది. అందుకని ఆయన దారం కొస వేలికి చుట్టుకుని వీధిలోకి నడిచేవాడు, నేను గుమ్మంలో రీలు పట్టుకుని బిరడా తిప్పేదాన్ని. వానలో గొడుగైనా లేకుండా మలుపు దాకా వెళ్ళి నిలబడేవాడు. మా మధ్య వీధంతా ఆ దారమే.

"ఇంకా బిగించమంటారా?" అని అరిచేదాన్ని.

"వద్దండీ. ఇలా బాగుంది," అని అక్కణ్ణుంచి అరిచేవాడు.

"తడిసిపోయి జ్వరం తెచ్చుకుంటే నేను చెయ్యలేను సేవలు!" అని లోపల్నుంచి అత్తయ్య.

కొత్త రీలు కొనడానికి వచ్చినవాళ్ళతో నేను పడే గొడవ చూసి ఆయన నవ్వుకునేవాడు. ఒకరోజు రోడ్డు కాంట్రాక్టరొకడు వచ్చి, అద్దాల బీరువాలో అన్నిటికంటే పెద్దగా, బంగారు రంగులో మెరుస్తున్నదాన్ని చూపించి, అదే కావాలన్నాడు.

"ఎక్కడ వేస్తారు గాలం? ఒడ్డు నుంచా, పడవ మీంచా?"

"ఒడ్డు నుంచే. సరదాకి."

"సరదాకి అంత బరువెందుకు? సాయంత్రానికి మణికట్టు వాచిపోతుంది. కళ్ళు మూసుకోండి."

"ఎందుకూ?"

"మూసుకోండి సార్, రీలేగా ఇస్తున్నాను, కరవను."

కళ్ళు మూసుకున్నాక ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చి తిప్పమన్నాను. పిడి ఊగకూడదు, తిప్పి వదిలేస్తే తనంతట తను తిరిగి మెల్లగా ఆగాలి, ఎక్కడా గరుకు తగలకూడదు. చివరికి ఆయనగారు చిన్నదాన్ని పట్టుకుని వదల్లేదు. కళ్ళు తెరిచి, మసిరంగులో ఉన్న దాన్ని చూసి మొహం మాడ్చుకున్నాడు గానీ, అదే కొనుక్కుపోయాడు.

"ఎవరికి ఏది నప్పుతుందో మీకెలా తెలుస్తుందండి?" అన్నాడు గడియారం.

"చేతులు చెప్తాయి. కళ్ళు మోసం చేస్తాయి," అన్నాను గొప్పగా. అలా ఎవరైనా అడిగి చాలా కాలమైంది మరి.

ఇంక ఒక చప్పుడు సంగతి చెప్పాలి.

ఆయన వచ్చిన మొదటివారంలోనే, ఒక సాయంత్రం, చీకటి పడబోతుండగా లోపలి గదిలోంచి వినపడింది. కిర్, కిర్, కిర్, టక్. కిర్, కిర్, కిర్, టక్. ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టాడు. నేను అప్పటికే చేతులు తుడుచుకుంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అది మా ఆయన రీలు. ఒకసారి పెద్ద చేప పడిందన్న సంబరంలో రేవు మెట్ల మీద జారి దాని మీదే పడ్డాడు. చేపా పోయింది, లోపలి చక్రానికి ఒక పన్నూ పోయింది. ఆనాటి నుంచి పిడి తిప్పిన ప్రతిసారీ ఒకచోట టక్కుమనేది. "ఊళ్ళో రీళ్ళన్నీ బాగుచేస్తావు, నీ రీలు పళ్ళూడిన ముసలాడిలా ఉంది, జనం నవ్వుతారయ్యా," అని పోరేదాన్ని. "నవ్వనీ. మలుపు దగ్గరికి రాగానే నీకు వినపడుతుంది, టీ పెడతావు. నేను గుమ్మం తొక్కేసరికి అది పొంగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?" అనేవాడు. గాలం కర్రని పడవలో వదిలేసి, రీలొకటే చేత్తో పట్టుకుని ఊరికే తిప్పుకుంటూ వచ్చేవాడు సాయంత్రాలు. కిటికీలోంచి మనిషి కనపడకముందే చప్పుడు వచ్చేది.

పోయాక ఆ రీలు అత్తయ్య అలమరలో చేరింది. సాయంత్రమైతే తీసి ఒళ్ళో పెట్టుకుని తిప్పేది. ఏడ్చేది కాదు, ఊరికే తిప్పేది. ఆ చప్పుడు వినపడగానే నా కాళ్ళు వాటంతటవే పొయ్యి దగ్గరికి పోయేవి. గిన్నెలో మూడు గ్లాసుల నీళ్ళు పోసేదాన్ని. పోశాక గుర్తొచ్చేది. మూడో గ్లాసు టీ చల్లారేదాకా ఉంచి తూములో పారబోసేదాన్ని. ఇలా ఎన్ని సాయంత్రాలో. ఒక్కోసారి ఆవిడ మీద పీకల్దాకా కోపం వచ్చేది. ఒక్కోసారి ఆవిడ కాస్త ఆలస్యం చేస్తే, ఇంకా తిప్పదేమిటా అని నేనే చెవులప్పగించి కూర్చునేదాన్ని.

ఆరోజు టీ తెచ్చేసరికి గడియారం అత్తయ్యని అడుగుతున్నాడు. "పన్ను విరిగిందమ్మా దానికి. మార్చలేదేం?"

"మావాడిది," అంది అత్తయ్య. తర్వాత గర్వంగా, "దానికి సామాను ఎక్కడా దొరకదు. ఆ కంపెనీయే మూతపడింది," అంది.

ఆయన తలూపాడు. అప్పుడప్పుడే వచ్చిన మనిషికి ఏమని చెప్పను?

కానీ గడియారాలు బాగుచేసే మనిషికి చప్పుడంటే రోగం, సామాను దొరకదంటే పందెం. నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ తర్వాత చాలారోజులు మధ్యాహ్నం తిండి ముగించుకుని ఒక మూల కూర్చుని దేన్నో సన్న ఆకురాయితో గీస్తుండేవాడు. ఏమిటని అడిగితే నీళ్ళు నమిలేవాడు. పాత ఇనప సామాన్ల కొట్లన్నీ తిరిగి, ఇంచుమించు అదే కొలతలున్న చక్రం ఒకటి సంపాదించి, ఒక్కొక్క పన్నూ అరగదీసి సరిపెట్టాడని తర్వాత తెలిసింది.

ఒకరోజు నేను సామాను తేవడానికి పెద్ద బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. గడియారం ఇంకా వెళ్ళలేదు, బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. అత్తయ్య లోపల్నుంచి రీలు తెచ్చుకుని పీట మీద కూర్చుంది. పిడి పట్టుకుని తిప్పింది.

ఏమీ వినపడలేదు.

మళ్ళీ తిప్పింది. పట్టుదారం జారినట్టు తిరిగింది రీలు. అంత మెత్తగా తిరిగే రీలు నా చేతుల్లోంచి కూడా ఎప్పుడూ బయటికి వెళ్ళలేదు. అత్తయ్య ఆపి, చెవి దగ్గరికి తీసుకుని, ఇంకోసారి తిప్పింది. తర్వాత ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవాళ రాలేదేమే?" అంది.

రీలు పీట మీద పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏం తప్పు జరిగిందండి?" అన్నాడాయన. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు పాపం.

చెప్పాను. మలుపు, చప్పుడు, టీ, అన్నీ. ఆయన కూలబడిపోయాడు.

"ఒక్క మాట చెప్పకపోయారా నాకు?"

"ఏమని చెప్పను? పాడైనదాన్ని పాడుగానే ఉంచండి అని లోకంలో ఎవరైనా చెప్తారా?" అని ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఎవరి మీద అరవాలో తెలియక ఆయన మీద అరిచాను.

"పాత చక్రం ఉందండి," అన్నాడు. "తుడిచిస్తానని అమ్మనడిగి రీలు తీసుకున్నాను, పాతదాన్ని పొట్లం కట్టి ఆవిడ చేతికే ఇచ్చాను. మార్చిన సామాను గడియారం యజమానికి ఇచ్చెయ్యాలి, మా పనిలో అది పద్ధతి. రేపు మళ్ళీ వేసేస్తాను."

మర్నాడు అడిగితే అత్తయ్య, "ఎక్కడో పెట్టాను, గుర్తులేదు," అంది. ఇద్దరం ఇల్లంతా గాలించాం. గుండీల డబ్బా, పప్పుల డబ్బాలు, పరుపుకింద, అలమరలో బట్టల మడతల్లో. ఎక్కడా లేదు. ఆవిడ పీట మీద కూర్చుని, మా వెతుకులాట వింటూ దారం చుట్టుకుంటోంది.

ఆ తర్వాత ఆవిడ రీలు ముట్టుకోలేదు. సాయంత్రాలు నిశ్శబ్దంగా వచ్చి వెళ్ళిపోయేవి. లేచి వంటింట్లోకి పరిగెత్తే పని లేదు కాబట్టి, నేనూ గడియారమూ దీపం వేసుకుని పని చేసుకుంటూనే ఉండేవాళ్ళం. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి చేతిగడియారం రోజూ సరిగ్గా భోజనాల వేళకి ఆగిపోయేదట. ఎన్నిసార్లు విప్పినా రోగం తెలియలేదట. చివరికి చూస్తే, భోజనానికి ముందు దాన్ని తీసి, లోపల అయస్కాంతం ఉన్న రేడియో మీద పెట్టే అలవాటుట ఆయనకి. నేను పగలబడి నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడి చప్పున నోరు మూసుకున్నాను.

మా ఆయన రావాలని ఉండేది నాకు. ఈయన వెళ్ళకూడదని ఉండేది. రెండూ ఒకే కడుపులో, ఒకే సాయంత్రం. పని ముగించుకుని గడియారం గొడుగు తెరుచుకుని వెళ్తుంటే వంటింటి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. గొడుగు మలుపు తిరిగేదాకా ఈయన కోసం చూసేదాన్ని. తిరిగాక కూడా అక్కడే నిలబడి, అటునుంచి ఆ చప్పుడు వస్తుందేమోనని వినేదాన్ని. వాన తప్ప ఏమీ ఉండేది కాదు. సిగ్గుగా ఉండేది, ఏడుపొచ్చేది, అయినా మర్నాడు మళ్ళీ నిలబడేదాన్ని.

వానలు వెనకబడ్డాయి. వేట ఎప్పుడు తెరుస్తారో ప్రకటించారు. బల్ల మీద కుప్ప కరిగిపోతోంది. ఒకరోజు ఆయన రీలు మూత బిగిస్తూ, తలెత్తకుండా చెప్పాడు.

"నగరంలో గోడగడియారాల షాపు వాళ్ళు రమ్మంటున్నారండి. పెద్ద షాపు. పాతవి బాగుచేసే మనిషి దొరకట్లేదుట."

"మంచిదే కదా."

"వేట తెరిచిన రోజు సాయంత్రం బస్సుకి వెళ్దామనుకుంటున్నాను. సీజన్ అయిపోతే ఇక్కడ నాకేం పని ఉంటుందండి?"

"అవును, ఏం పని ఉంటుంది," అన్నాను. నా పాడు నోరు! ఉండమని చెప్పడానికి ఎన్ని మాటల్లేవు? ఒక్కటీ రాలేదు. ఏ హోదాలో ఉండమనను? చేతిలో ఉన్న స్క్రూని మాత్రం చెక్కుకుపోయేదాకా బిగించాను. ఆయన చూసి, దాన్ని తీసి కొత్తది వేశాడు.

వేట తెరిచిన రోజు పొద్దున్నే రేవంతా జాతరలా ఉంది. రీళ్ళన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. నేను పక్కనే నిలబడి అందరికీ ఒకే పాఠం: "ఇంటికి రాగానే మంచినీళ్ళతో తుడవండి, డ్రాగ్ వదులు చేసి పెట్టండి, బిగించి వదిలేస్తే వాషర్లు నలిగిపోతాయి." అందరూ తలూపారు. ఒక్కడూ చెయ్యడు, నాకు తెలుసు. మధ్యాహ్నానికి బల్ల ఖాళీ అయిపోయింది. ఇన్నాళ్ళూ కుప్ప చూసి విసుక్కున్నాను గానీ, ఆ ఖాళీ బల్లని చూడబుద్ధి కాలేదు.

గడియారం సంచి సర్దుకుని వచ్చి కూర్చున్నాడు.

"మీకు సొంత రీలు లేదు కదా. ఒకటి తీసుకోండి. నేనే ఏరి ఇస్తాను," అన్నాను.

"నాకెందుకండి?"

"కళ్ళు మూసుకోండి."

బుద్ధిగా మూసుకున్నాడు. బీరువాలోంచి మంచివన్నీ తీసి ఒక్కొక్కటీ ఆ చేతుల్లో పెట్టాను. తిప్పి, తల అడ్డంగా ఊపి, తిరిగిచ్చేవాడు. కళ్ళు మూసుకున్న ఆ మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూడటం అదే మొదలు. అన్ని రీళ్ళూ అయిపోయాయి. మొదటిదాన్ని మళ్ళీ ఇచ్చాను, తెలుస్తుందో లేదోనని. తెలిసింది.

"అన్నీ బాగున్నాయండి," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "ఒక్కటీ మాట్లాడదు."

"ఒకటుంది మాట్లాడేది," అంది అత్తయ్య.

ఇద్దరం తిరిగి చూశాం. గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చేతిలో రీలు, ఇంకో చేతిలో కాగితం పొట్లం. మడతలన్నీ నలిగి పీచులైన పొట్లం. ఇన్నాళ్ళూ నడుముకి దోపుకునే తిరిగిందన్నమాట. మేం ఇల్లంతా తలకిందులు చేస్తుంటే!

"మరి గుర్తులేదన్నారు?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"అబద్ధం చెప్పాను. నాకు వినాలనిపించింది."

"ఏం వినాలి?"

"నువ్వు నవ్వుతుంటే." అత్తయ్య తడుముకుంటూ వచ్చి పీట మీద కూర్చుంది. "ఆ చప్పుడు ఆగిన సాయంత్రం నుంచి చూస్తున్నాను. పొయ్యి దగ్గరికి పరిగెత్తట్లేదు నువ్వు. తూములో టీ పారబోసిన చప్పుడు లేదు. నాకు కళ్ళు కనపడవు గానీ చెవులు పన్జేస్తాయే పిచ్చిదానా. ఇన్నాళ్ళూ నేను వాణ్ణి పిలుస్తున్నాననుకున్నాను. నిన్ను లేపి తరుముతున్నానని తెలీలేదు."

ఆవిడ పొట్లం గడియారం వైపు చాపింది.

"ఇది మళ్ళీ వెయ్యి."

"విరిగిందాన్ని ఇంతవరకూ ఎప్పుడూ వెయ్యలేదమ్మా," అన్నాడు మెల్లగా.

"ఇవాళ వెయ్యి."

తెల్లగుడ్డ పరిచాడు. మెరుస్తున్న కొత్త చక్రాన్ని, ఆకురాయితో అన్నాళ్ళు అరగదీసినదాన్ని, బయటికి తీశాడు. విరిగినదాన్ని తుడిచి, పల్చగా గ్రీజు రాసి, కూర్చోబెట్టి, మూత బిగించాడు. కొత్త చక్రాన్ని అదే కాగితంలో మడిచి అత్తయ్యకి ఇవ్వబోతే, "అది నా కోడలికివ్వు," అంది. నా చేతిలో పెట్టాడు. రీలు ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ తిప్పలేదు. ఆయనకే తిరిగిచ్చింది.

"రేవుకి వెళ్ళు. అందరూ నీళ్ళ మీద ఉన్నారు."

"నాకు చేపలు పట్టడం రాదమ్మా."

"పట్టమని ఎవరన్నారు? కాసేపు కూర్చో. సాయంత్రం బస్సు ఎక్కాలనుంటే అటునుంచి అటే ఎక్కు, దాన్ని కూడా తీసుకుపో. రావాలనుంటే తిప్పుకుంటూ రా. మలుపు దగ్గర్నుంచి నాకు వినపడాలి."

ఆయన నా వంక చూశాడు. చివరికి, "డ్రాగ్ మరీ బిగించకండి," అన్నాను. తలూపి, సంచి భుజానికి తగిలించుకుని, రీలు రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.

ఆయన కనుమరుగయ్యాక అత్తయ్య మీద ఎగిరాను. "సంచి కూడా పట్టుకెళ్ళాడు! ఆ రీలొక్కటేగా మనకి మిగిలింది! బస్సెక్కి పోతే?"

"పోతే పోనీవే. ఎన్నాళ్ళని తిప్పను? చెయ్యి నొప్పెడుతోంది," అంది. ఆ మాటంటూ మొహం గోడవైపు తిప్పుకుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు నొక్కుతూ కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇద్దరం కలిసి ఏడ్చాం.

సాయంత్రమైంది. ఖాళీ బల్లని తుడిచిందే తుడిచాను. స్క్రూడ్రైవర్లు సర్దాను, మళ్ళీ తీసి మళ్ళీ సర్దాను. పడవలు ఒడ్డుకి వస్తున్నట్టున్నాయి, కిందనుంచి కేకలు వినపడుతున్నాయి. ఎగువ వీధిలో నగరం బస్సు హారను కొట్టింది. స్టాండులో ఆగిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ హారను. బయల్దేరిపోయింది. ఇంజను చప్పుడు పల్చబడి, పల్చబడి, పోయింది. నా చేతిలో కాగితం పొట్లం చెమటకి తడిసింది.

వంటింట్లోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. చీకటి పడుతోంది, మలుపు సరిగ్గా కనపడట్లేదు. రేవు నుంచి ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. చప్పుడేమీ లేదు.

"వినపడుతోందా?" అన్నాను ముందు గదివైపు తిరిగి.

"ఉష్," అంది అత్తయ్య.

అప్పుడు వచ్చింది. ముందు నాకు కాదు, ఆవిడకే. పీట జరిగిన చప్పుడైంది. తర్వాత నాకూ వినపడింది, మలుపు అవతల నుంచి, తడబడుతూ, అలవాటు లేని చెయ్యి తిప్పుతున్నట్టు. కిర్, కిర్, కిర్, టక్.

"టీ పెట్టవే, వస్తున్నాడు," అంది అత్తయ్య.

ఎవరని నేనడగలేదు. గిన్నెలో మూడు గ్లాసుల నీళ్ళు పోసి పొయ్యి వెలిగించాను.